బొల్లారం షెడ్డులో రెండు పడవలు

జెరెమియా సారు ఇంట్లో ఏ వస్తువూ కూర్చుని చూడకుండా కొనలేదు. మంచం కొన్న రోజున షాపులో భార్యాభర్తలూ కూతురూ వరసగా పడుకుని మరీ చూశారు. అలాంటి మనిషి మోటారు పడవ కొంటానంటే పద్మారావు నగర్‌లో వాళ్ల వీధంతా నవ్వింది. చెరువును మింగి ఇల్లు కట్టుకున్నవాణ్ని చూసి ఈ ఊళ్లో ఎవరూ నవ్వరు. సెలవు రోజున కాసేపు నీళ్ల మీద తిరుగుదామనుకున్నవాడు మాత్రం పిచ్చివాడు.

ఆయనకు పిచ్చేమీ లేదు. భార్య ప్రిసిల్లాది నరసాపురం, గోదావరి మీద లాంచీ ఎక్కి బడికి వెళ్లిన మనిషి. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి ఆమెకు వినికిడి పోయింది. చెవికి మిషను పెట్టుకుంటే మాటకంటే మోతే ఎక్కువ. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం తనకు తానే నేర్చుకుంది గానీ, నలుగురిలోకి వెళ్లడం మానేసింది. పెళ్లిళ్లు వద్దంది. చర్చిలో స్త్రీల కూడిక వద్దంది. డ్రిల్లు మాస్టారుగా గ్రౌండంతా వినిపించిన జెరెమియా గొంతు ఇంట్లో ఎందుకూ పనికిరాకుండా పోయింది. నీళ్లయినా ఆమెను గడప దాటిస్తాయేమోనని ఆయన ఆశ. సాగర్ డ్యాం వెనక జలాల ఒడ్డున తమ్ముడి తోట ఉంది, పడవకు అనుమతీ దొరికింది.

బొల్లారంలో పాత పడవలు బాగుచేసి అమ్మే అస్లం షెడ్డులో రెండు పడవలు ట్రాలీల మీద ఉన్నాయి. ఎర్రది సన్నగా, ముక్కు పైకెత్తుకుని ఉంది. తెల్లది బొద్దుగా, వెడల్పుగా ఉంది.

“ఎర్రది గుర్రం సార్. తెల్లది ఎద్దుబండి. ఇగ మీ ఇష్టం,” అన్నాడు అస్లం.

“కూసొని చూస్తం భాయ్.”

ముగ్గురూ నిచ్చెన వేసుకుని ఎర్రదాంట్లోకి ఎక్కారు. సీట్లన్నీ ముందుకే తిరిగి ఉన్నాయి. జెరెమియా స్టీరింగ్ పట్టుకున్నాడు, కూతురు జోయా పక్కన కూర్చుంది. అస్లం ఇంజిన్ను నీళ్ల డ్రమ్ములోకి దించి స్టార్ట్ చేసేసరికి ఆయన ఒళ్లు ఝల్లుమంది. ఇదే, ఇంకోటి చూడక్కర్లేదు అనిపించింది. జోయా ఆయన చెవిలో ఏదో అంది, ఇద్దరూ పగలబడి నవ్వారు. వెనక్కి తిరిగి చూస్తే ప్రిసిల్లా ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని వాళ్ల మెడలు చూస్తూ కూర్చుంది.

“మీరిద్దరూ తిరిగి రండి. నేను తోటలో వంట చూసుకుంటా,” అంది దిగుతూ.

 జెరెమియా రెండో పడవ వైపు నిచ్చెన జరిపాడు.

తెల్లదాంట్లో రెండు బల్లలు ఎదురెదురుగా ఉన్నాయి. స్టీరింగ్ ఓ మూలన ఉంది. ప్రిసిల్లా ఒక బల్ల మీద, తండ్రీకూతుళ్లు ఎదురు బల్ల మీద కూర్చున్నారు. దీని ఇంజిన్ మోత షెడ్డు రేకుల్ని కదిలించింది. జోయా ఏదో అడిగింది, జెరెమియా ఏదో గొణిగాడు, ఎవరికీ ఏమీ వినపడలేదు. డ్రమ్ము దగ్గర అస్లం చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. తండ్రీకూతుళ్లు తెల్లమొహాలు వేశారు. అంతలో అతను ఇంజిన్ ఆపేశాడు.

“డ్రమ్ములో నీళ్లు తగ్గిపోయాయంట, అందుకే ఆపేశాడు,” అంది ప్రిసిల్లా తాపీగా. “అమ్మాయికి ఆకలేస్తుందంట. ఈయనేమో ఎర్రదే బావుందని గొణిగారు.”

 జెరెమియా దొంగలా దొరికిపోయి కూర్చున్నాడు. ఆయన మొహం చూసి ప్రిసిల్లా నవ్వు ఆపుకోలేకపోయింది. క్యారియర్ విప్పి, అక్కడే బల్లల మీద గారెలు పెట్టింది. అస్లంకీ ఒకటి అందించింది.

“అమ్మా, మీరు మా షెడ్డుల ఉండాలె. ఈ మోతల మాకు ఒకరి మాట ఒకరికి ఇనపడక పరేషాన్ అయితున్నం.”

“జీతం ఎంతిస్తావేంటి?” అంది ఆమె.

జెరెమియా కిందికి దిగి ఎర్రపడవ ముక్కు ఒకసారి నిమిరాడు.

“తెల్లదే తీసుకుంటం,” అన్నాడు.

“గుర్రం వద్దా సార్?”

“గుర్రం మీద ఎదురెదురుగ కూసోలేం గదా భాయ్.”

ప్రిసిల్లా పైనుంచి ఆయన పెదవుల్నే చూస్తోంది. “నేనూ వస్తా గానీ, స్టీరింగ్ అమ్మాయికివ్వండి. మీరు నా ఎదురు బల్ల మీద కూర్చోవాలి. ఆ మీసం సంగతి కూడా చూడండి. సగం మాటలు అందులోనే చిక్కుకుపోతున్నాయి.”

నూనె రాసి, దువ్వి, ముప్పై ఏళ్లుగా పెంచిన మీసం అది. బడిలో పిల్లలు భయపడింది ఆయనకు కాదు, దానికే. జోయా నవ్వాపుకోవడానికి మొహం అటు తిప్పుకుంది.

వచ్చే దారిలో బొల్లారం బజారులో సెలూన్ ముందు జెరెమియా కారు ఆపాడు. భార్య వైపు పూర్తిగా తిరిగి, ఒక్కో మాటా విడదీసి అడిగాడు.

“మొత్తం తీసెయ్యమంటవా?”

“పై పెదవి కనిపిస్తే చాలు,” అంది ప్రిసిల్లా.