పోయినవాళ్ళ జాబితాలో మంగమామ్మ

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నవ్వే. గదిలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "పడుకో బాబూ, రేపు డ్యూటీ ఉంది" అని దుప్పటి ముసుగేసుకునే రకం నేను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నన్ను చూసి నవ్వడానికి నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు.

మాది రాజమండ్రి దగ్గర. మా వైపు మార్మన్ అనే క్రైస్తవ శాఖ విశ్వాసంలోకి మొదట వచ్చిన నలుగురైదుగురిలో మా తాతయ్య ఒకడు. గోదావరిలో ఆయన బాప్తిస్మం తీసుకున్న కథ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఇంటిల్లిపాదీ రేవులో నిలబడి పాటలు పాడారట, పండగలా జరిగిందట. అది విని, భక్తి అంటే ఇంత సుఖమైన పనా అనుకునేవాణ్ణి.

నేను కువైట్ వచ్చి ఆరేళ్ళయింది. సులైబియాలో పశువుల దాణా గోడౌన్‌లో డ్రైవర్ని. కబ్ద్ ఎడారిలో గొర్రెల్ని పెంచే, పేరుకి మాత్రమే తోటలైన వాటికి బస్తాలు చేరవేస్తాను. ఇక్కడ మా ఆరాధన శుక్రవారం. వెళ్ళేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, వచ్చేవాణ్ణి. నీకు నిజంగా నమ్మకం ఉందా అని ఎవరైనా గట్టిగా అడిగితే నీళ్ళు నమిలేవాణ్ణే.

మాలో ఒక ఆచారం ఉంది. చనిపోయిన పూర్వీకుల పేర్లు వెతికి పంపిస్తే, దేవాలయంలో వాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకుంటారు. ఒప్పుకోవడమా మానడమా అనేది అవతల లోకంలో వాళ్ళ ఇష్టం. తాతయ్య ఆ పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. తాతయ్య పోయాక నాన్న దాని ఫొటోలు పంపి, ఫోన్లో మా సంఘం యాప్‌లో ఎక్కించమన్నాడు.

అందులో తాతయ్య చెల్లెలు మంగ పేరు కూడా ఉంది. నాకు మామ్మ వరస. ఎప్పుడో ఇంటిపనికి కువైట్ వచ్చింది. ఇరాక్ సైన్యం కువైట్ మీద పడిన యుద్ధం తర్వాత ఉత్తరమూ లేదు, మనిషీ లేదు. మిగతా అందరూ ఏ సంవత్సరం చనిపోయారో రాసిన తాతయ్య, ఆవిడకి మాత్రం ఏమీ రాయలేదు. నాన్నని అడిగాను.

"మా అత్త ఇంకెక్కడుంటాదిరా? ఉంటే ఈపాటికి కబురొచ్చేది కాదా? పోయిందని పెట్టేయ్," అన్నాడు.

పెట్టేశాను. బుధవారం మధ్యాహ్నం, టీ తాగుతూ. బతికున్నవాళ్ళ పేరు అలా పంపకూడదని మా వాళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఓ పనైపోతుందని నా తొందర నాది.

శనివారం పొద్దున పదింటికి కబ్ద్‌లో ఒక తోటలో ఇరవై బస్తాలు దింపాను. జనవరి నెల, ఎండ హాయిగా ఉంది. ఎండదెబ్బ అనేవాళ్ళు ఉంటారని ముందే చెప్తున్నాను. సంతకం కోసం కాపలావాడి గదివైపు నడుస్తుంటే, గొర్రెల దొడ్డి పక్కన ఒక ముసలావిడ నీళ్ళ డ్రమ్ము మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఒంటినిండా కప్పిన నల్ల అబాయా, నీలం రబ్బరు చెప్పులు. అచ్చం మా ఊరి తెలుగులో పిలిచింది.

"ఏరా అబ్బాయ్, నువ్వు మా అన్నయ్య మనవడివే కదా? నన్ను పోయినోళ్ళలో కలిపేశావంటగా?"

"ఎవరండీ మీరు?" అని అడిగాను.

"మీ తాత ఏట్లోంచి వణుక్కుంటా వచ్చాడ్రా. ఇంట్లోవోళ్ళు ఒక్కరు రాలేదు. పొడి చొక్కా అట్టుకెళ్ళింది నేనే."

కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషిలా అంది.

"ఒక్క నిమిషం ఆగు మామ్మా" అని లారీలో ఉన్న ఫోన్ కోసం పరుగెత్తాను, నాన్నకి చూపిద్దామని. పాతిక అడుగుల దూరం కూడా ఉండదు. తిరిగొచ్చేసరికి లేదు. చుట్టూ చదును నేల. దాక్కుంటే గొర్రెల మధ్యో కాపలావాడి గదిలోనో దాక్కోవాలి, రెండు చోట్లా చూశాను. కాపలావాడు బంగ్లాదేశ్ మనిషి, పదేళ్ళుగా అక్కడే ఉన్నాడు. "ఇధర్ కోయీ ఔరత్ నహీ హై భాయ్" అన్నాడు, ఇక్కడ ఆడమనిషే లేదని. నా మొహం చూసి మంచినీళ్ళిచ్చాడు. దొడ్డి వైపే చూస్తూ సగం చొక్కా మీదే పోసుకున్నాను.

తాతయ్యతో పాటు ఆ రోజే బాప్తిస్మం తీసుకున్న పెద్దాయన ఒకరు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పకుండా, ఆ రోజు రేవులో మా వాళ్ళెవరెవరు ఉన్నారండీ అని అడిగాను.

"మీవోళ్ళెవరూ రాలేదు బాబూ. ఎల్తే మళ్ళీ గడప తొక్కనివ్వనన్నారు మీ ముత్తాతగారు. చెల్లెలొక్కత్తే దొంగచాటుగా చొక్కా అట్టుకుని వచ్చింది. ఆ పాటలూ అయ్యీ మీ తాత పిల్లల కోసం అల్లిన మాటలు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు."

అప్పటికి చంటిపిల్లాడైన నాన్నకే తెలియని సంగతి ఇది. విన్నాక తాతయ్యని తలుచుకుని ఏడ్చాను. తడి బట్టలతో ఒడ్డుకొచ్చిన మనిషికి ఎదురుగా ఒక్క చెల్లెలు. అయినా వెనక్కి తగ్గలేదు. నమ్మకం కోసం ఆయన ఎంత పోగొట్టుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

తోటలో కనిపించినావిడ మంగమామ్మే అయితే చొక్కా సంగతి తెలియడంలో వింత లేదు. కానీ బుధవారం నేను ఫోన్లో చేసిన పని ఆవిడకి ఎవరు చెప్పారు? నాన్నకీ నాకూ తప్ప అది ఎవరికీ తెలియదు. మరి మనిషి ఎటు పోయినట్టు? మళ్ళీ మూడుసార్లు వెళ్ళాను. చుట్టుపక్కల తోటలన్నీ అడిగాను. అలాంటి ఆవిణ్ణి చూసినవాళ్ళే లేరు.

ఆవిడ పేరు వెనక్కి తీసేశాను. నాన్న తిట్టాడు. బతికుంటే నేను చేసింది న్యాయమే. పోయి ఉంటే మాత్రం, అన్న చెల్లెలికి చేయాలనుకున్న ఒక్క మేలునీ నా చేత్తో ఆపినవాణ్ణవుతాను. ఈ భయం నన్ను వదలడం లేదు.

ఇప్పుడు శుక్రవారాలు ఊరికే కూర్చుని రావడం లేదు, ప్రార్థన చేస్తున్నాను. అమ్మ, నాన్న, పిల్లలు, ఒక్కొక్కరి పేరే చెప్పుకుంటూ ఆవిడ దగ్గరికొచ్చి ఆగిపోతాను. చల్లగా చూడమని అడగాలో, ఆత్మకి శాంతినివ్వమని అడగాలో నాకు ఈ రోజుకీ తెలియదు.