తల దించకుండా నడిచిన హద్దు

ఆ రోజుల్లో ఇళ్ళ హద్దులు తేల్చడానికి డ్రోన్లు ఎగిరేవి కావు. ఇప్పుడైతే అదేదో తూనీగలా మిద్దె మీద ఓ చుట్టు తిరిగి పోతుంది, ఎవరి నేల ఎవరు తొక్కుతున్నారో సెల్‌ఫోనులో కనబడుతుంది. నా కుర్రతనంలో, బేతంచెర్ల పక్కనున్న మా ఊళ్ళో, ఆ డ్రోను చేసే పని నేను చేశాను. గంపెడు మట్టి నెత్తిన పెట్టుకుని చేశాను.

మాది చితికిపోయిన ఇల్లని ఊళ్ళో అంటారు. నేను ఒప్పుకోను. పొలాలు పోయాయి, ఎద్దులు పోయాయి, జంట మిద్దెల్లో తన సగం అమ్ముకుని మా తాత తమ్ముడు, చిన్నజేజినాయన, నంద్యాలకు పోయాడు. నడక మాత్రం పోలేదు. మా ఇంటి మగవాళ్ళు కిందికి చూసి నడవరు. (అందువల్ల మా వంశంలో కాలి బొటనవేళ్ళు బాగున్నవాళ్ళు తక్కువ.) ఆ అమ్మిన సగం కొన్నాయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే మిషను నడిపేవాడు. ఊరంతా బండలప్ప అనేది. రెండిళ్ళ మధ్య సందులో బండలు నిలబెట్టి గోడ కట్టుకుంటానన్నాడు. మా మిద్దె మెట్లు ఆ సందులోనే ఉన్నాయి. మెట్లకు జానెడు అవతల హద్దని అతను, రెండడుగులు అవతలని మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న. ఆయన రోజూ సాయంత్రం ఆ మెట్లెక్కి, మిద్దె మీద నిలబడి, ఇప్పుడు మావి కాని పొలాలను పరిశీలించేవాడు. గోడ జానెడు దూరంలో వస్తే భుజాలు ముడుచుకుని ఎక్కాలి. భుజాలు ముడుచుకోవడం మా ఇంట్లో ఎవరికీ రాదు.

"సర్వేయరును పిలిపిద్దాం పెద్దయ్యా," అన్నాడు బండలప్ప.

"మా వాకిట్లో ఎవడో వచ్చి గొలుసు ఈడ్చేదానికి ఇదేమన్నా ఎద్దుల సంతనా? మా అబ్బోడు మట్టి నెత్తిన పెట్టుకోని నడుస్తాడు. వాడు నడిచిందే హద్దు. ఏమప్పా, సమ్మతమేనా?"

"చిన్నయ్య అబద్ధం నడవడు. శానా సంతోషం."

మా వైపు పాత ఆచారమది. తలస్నానం చేసి, తడిబట్టలతో, తగాదా పడ్డ నేల మట్టినే నెత్తిన పెట్టుకుని హద్దు వెంట నడవాలి. అబద్ధపు అడుగు వేస్తే వంశం నిలవదంటారు. నడిచాక ఎవరూ మాట తిప్పకూడదు. వీధివైపు హద్దురాయి గురించి పేచీ లేదు. దొడ్డివైపు రాయి ఎప్పుడో పూడిపోయింది. అక్కడ మిగిలింది మా ముత్తాత నాటించిన పొడుగాటి రాతి కంబం.

"ఆ కంబమే మన హద్దు. దాని కొసన చూపు పెట్టి నడువు. కిందికి చూసినావంటే నా మనవడివే కాదు," అన్నాడు జేజినాయన.

నడిచాను. వెన్ను నిటారుగా ఉంది, చూపు కంబం కొసన ఉంది. వెనకాల ఒక ముసలాయన నా అడుగుల వెంట సున్నం చల్లుకుంటూ వచ్చాడు. జనం మొదట గుసగుసలాడారు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నా నడకలోని హుందాతనం అలాంటిదనుకున్నాను. దారిలో దేన్నో తన్నుకున్నాను, దేన్నో ఎక్కి దిగాను. చూపు దించలేదు. కంబం కొస సరిగ్గా నా నెత్తి మీదికి వచ్చాక ఆగాను.

సున్నపు గీత మా మెట్ల మీదుగా పోయింది. సందులోకి తిరిగి ఉన్న అడుగుమెట్టు మొత్తం బండలప్ప వైపు పడింది. నేను వంకర నడవలేదు, ఈ మాట ఇప్పటికీ అంటాను. కంబమే మా ఇంటివైపు బాగా ఒరిగి ఉంది. మొదలు ఒకచోట, కొస మూడడుగులు ఇవతల. ఊరందరికీ ఆ ఒరుగు కనబడేది. మా ఇంట్లో ఏదైనా ఒరిగిందని చెప్పుకునే అలవాటు లేదు కనుక మాకు కనబడేది కాదు.

బండలప్ప బెదిరిపోయాడు. "నేను గూడా ఇంత అడగలేదు గదా పెద్దయ్యా! ఇంగోసారి నడిపిద్దాం."

"నడిచింది నడిచినట్టే," అన్నాడు జేజినాయన, కంబం కొసనే చూస్తూ.

"ఇంగ నాలుగడుగులు ఇట్లా వచ్చింటే పొయ్యి గూడా ఆయప్ప ఇంట్లోనే ఉండేది," అంది మా నాన్నమ్మ, జేజి, వంటింట్లోంచి. జేజినాయనకు ఆ వైపు చెవి సరిగ్గా వినబడదు. (అవసరాన్ని బట్టి ఆ చెవి మారేది.)

మెట్టు మీ సొంతమేననుకోండి, తొక్కండని బండలప్ప బతిమాలాడు. గోడ కూడా ఆ మెట్టుకు ముందే ఆపేశాడు. జేజినాయన పరాయివాడి మెట్టు తొక్కనన్నాడు. ఆ సాయంత్రం నుంచి మావైపు నేల మీద నిలబడి, ఏకంగా రెండో మెట్టు మీదికి కాలు చాచేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన మోకాలు టక్కుమన్నప్పుడల్లా లోపల జేజి పని ఆపి చెవి ఒగ్గేది. పడితే లేవడని మా అందరికీ తెలుసు. ఆ మాట ఆయనతో అనగలిగినవాళ్ళు లేరు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం, మావైపు నేల మీద, రెండో మెట్టుకు ఆనించి, పాలిష్ పట్టిన బండలు ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. ఎవరు పెట్టారో ఆ నునుపే చెబుతోంది. సాయంత్రం జేజినాయన మిద్దె ఎక్కబోతుంటే అడిగాను.

"తీసేద్దునా?"

"ఏం తీసేది?"

"బండలు."

"యాడ?"

"నీ కాళ్ళ కింద."

"మనం కిందికి చూడం గదరా," అన్నాడు, వాటి మీదే నిలబడి. బతికినన్నాళ్ళూ ఆయన వాటిని చూడలేదు.

ఈమధ్య మా ఊరికి డ్రోను వచ్చింది. అడుగుమెట్టు మాదేనని తేలింది. బండలప్ప ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఆ సంగతి చెప్పడానికి ఆయనే వచ్చాడు.

"మీ మెట్టు మీకు వచ్చేసింది చిన్నయ్యా. ఇంగ ఆ బండలు తీపిచ్చేదా?"

సాయంత్రం మిద్దె ఎక్కే అలవాటు నాకూ పట్టుకుంది. మోకాలు నాదీ టక్కుమంటోంది.

"యాడి బండలు?" అన్నాను తల ఎత్తుకుని. అరికాలికి చల్లగా, నున్నగా తగులుతున్నాయి.