మగ్గం కాడ బూట్లు

పందొమ్మిది వందల యాభైలల్ల స్కాలర్‌షిప్ మీద నేత చదువు కోసం విలాయత్ పోయిన. అక్కడి వాన, వేడి టీ, పుస్తకాల గది ఇప్పటికీ ప్రేమగ యాదికొస్తయ్. అన్నిటికన్న ముందు యాదికొచ్చేది మాత్రం నా బూట్లు.

ఇక్కడ మా ఊరు దాజీ పేట్ల, మా ఇంట్ల చెప్పులతోని మగ్గం కాడికి ఎవరొచ్చినా మా నాయిన ఊకునేటోడు కాదు. అందుకే కాలేజీల మొదటిరోజు చేతిమగ్గం చూడంగనే బూట్లు, మేజోళ్లు ఇప్పి, మొక్కి కూసున్న. తోటోళ్లు పడి పడి నవ్విండ్రు. మాస్టరు బూట్లు తొడుక్కొమ్మన్నడు.

తొడుక్కున్న. మగ్గం కింద కాళ్లతోని తొక్కే కర్రలు నాలుగు. బూట్ల మందపు అట్టల కింద ఏది ఏ కర్రనో తెలుస్తలేదు. ఒకటి తొక్కబోతే రెండు దిగినయ్. జానెడు గుడ్డల పది తప్పులు. మాస్టరు దాన్ని అందరికీ చూపించి, "మీ దేశంల నేత ఇట్లనే ఉంటదా?" అన్నడు.

నాకు మండింది. మళ్ల బూట్లిప్పి పక్కకు వెట్టిన. నేల మంచుగడ్డ లెక్క ఉండె. అయితేంది, కర్రలు నా వేళ్లకు దొరికినయ్. మూరెడు గుడ్డ నేసిన. మాస్టరు భూతద్దం పెట్టి వెతికిండు. ఒక్క తప్పు దొరకలే.

"అయినా సరే, రేపటి సంది బూట్లతోనే కూసోవాలె. ఇది కాలేజీ," అన్నడు.

"సార్, నా తలకు చదువు మీరు చెప్పుండ్రి," అన్న. "నా కాళ్లకు మా నాయిన ఎప్పుడో చెప్పిండు."