ఐలన్నకు నేను చేసిన సన్మానం

మా షోరూంలో అగ్గి అంటుకోలేదు, గోడ కూలలేదు. అయినా నేను చేరిన రెండో నెలలోనే అరవై మంది ఒకేసారి నోట మాట లేక నిలబడిపోయిన రోజు ఒకటుంది. ఆ ఘనత పూర్తిగా నాదే. ఎవరి సాయమూ తీసుకోలేదు.

హన్మకొండలో మూడంతస్తుల బట్టల షోరూం మాది. ఎంబీఏ ముగించి, మెడలో ఐడీ కార్డు వేలాడేసుకుని, అక్కడ మొట్టమొదటి హెచ్ఆర్‌గా చేరాను. అంతకుముందు లీవు కావాలంటే పోయి సేటు ముందు తల గోక్కుంటూ నిలబడేవాళ్లు. సేటుకు అర్థమయ్యేది. అంత సాఫీగా నడుస్తున్న చోటును బాగుచేయడానికి నేను దిగాను.

ఒక మధ్యాహ్నం కింది అంతస్తులో నా గదిలో కూర్చుని 'ఉద్యోగుల మాట వినడం ఎలా' అని సూపర్‌వైజర్ల కోసం స్లైడ్లు తయారుచేస్తుంటే, మూడో అంతస్తులో పట్టుచీరలు అమ్మే ఐలయ్య వచ్చాడు. పరకాల దిక్కు మనిషి, ఇరవై రెండేళ్ల సర్వీసు. కస్టమర్ నడక చూసి ఏ రంగు చీర కొంటుందో చెప్పేస్తాడు.

"సార్, వచ్చే నెల సంది నాతోని కాదు. మోకాళ్లు బాగ నొస్తానయి. ఇగ నేను..."

చెయ్యెత్తి ఆపాను. బాధలో ఉన్న మనిషితో ఎక్కువ మాట్లాడించకూడదని నా నమ్మకం.

"అర్థమైందన్నా. ఇంకేం చెప్పకు. నేను చూసుకుంటా."

ఆయన మొహం వెలిగిపోయింది. ఇంగ్లీషులో రాజీనామా కాగితం టైపు చేసి ఇస్తే, చదవకుండానే సంతకం పెట్టి, నాకు దండం పెట్టి మరీ పోయాడు. ఉద్యోగం వదులుకుంటూ కూడా మనిషి ఇంత సంతోషంగా ఉన్నాడంటే అది హెచ్ఆర్ గొప్పతనమేనని మురిసిపోయాను.

సంగతి విని సేటు దిగాలు పడ్డాడు. జర ఆగమని తానే అడుగుతానన్నాడు. ఐలయ్య గట్టిగా నిశ్చయించుకున్నాడని, బలవంతం చేస్తే బాగుండదని నేనే అడ్డుపడ్డాను. పైగా వీడ్కోలు సభ పెడదామని, ఐలయ్యకు మాత్రం తెలియనివ్వద్దని అందరి నోళ్లూ కట్టేశాను.

నెలాఖరు రోజు పొద్దున, షాపు తెరవకముందే, అందరం కింద చేరాం. పూలదండ, శాలువా, కేకు. ఐలయ్య మొదట బిత్తరపోయాడు. తర్వాత, ఇన్నేళ్ల సర్వీసుకు సన్మానం అనుకున్నాడేమో, కుర్చీలో పెళ్లికొడుకులా సర్దుకున్నాడు. బిల్లింగ్ స్వరూప, అన్న లేకపోతే తాను మొదటి వారంలోనే పారిపోయేదాన్నని చెప్పి ఏడ్చింది. తర్వాత సేటు మైకు అందుకున్నాడు.

"ఇగ ఇంటికాడ ఫికర్ లేకుంట రెస్టు తీసుకో ఐలయ్యా."

ఐలయ్య దండ సర్దుకుంటూ నవ్వాడు. "రెస్టేంది సేటూ? రేపటి సంది కింది కౌంటర్లనే గద నా డ్యూటీ. సారు సంతకం గూడ తీసుకున్నడు."

షోరూంలో ఏసీ అంత చప్పుడు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. లిఫ్టు కస్టమర్లకే, స్టాఫ్ ఎక్కకూడదు. రోజుకు పదిసార్లు మూడంతస్తులు ఎక్కలేక, కిందికి మార్చమని అడగడానికి వచ్చాడు ఆయన. అందరి మొహాలూ చూశాక ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, చిన్నగా అడిగాడు.

"నా కొలువు పోయిందా సార్?"

ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. లేదన్నా, తప్పు నాది, సగం విని ఆపేశాను అని అందరి ముందూ ఒప్పుకున్నాను. సేటు ఆ కాగితం తెప్పించి నాలుగు ముక్కలు చేశాడు. కళ్లు తుడుచుకుంటూనే స్వరూప కిసుక్కుమంది. ఇక అరవై మందిని ఆపడం ఎవరి వల్లా కాలేదు. అందరికన్నా గట్టిగా నవ్వింది దండలో ఉన్న ఐలయ్యే.

సేటు మళ్లీ మైకు తీసుకున్నాడు. "ఇయ్యాల్టి సంది స్టాఫ్ గూడ లిఫ్టెక్కుండ్రి. ఐలయ్య కిందికొస్తాండు, హెచ్ఆర్ సారు పైకి పోతాండు. ఆయనొక్కడు మెట్లెక్కుతడు."

ఆ మెట్ల మీదే భీషణ ప్రతిజ్ఞ చేశాను. నా ముందుకొచ్చిన మనిషి ఆఖరి ముక్క దాకా చెప్పేవరకు ఇక జన్మలో నోరు తెరవను. ఇంతవరకు మాట తప్పలేదు. మొన్న స్వరూప గంట ముందు ఇంటికి పోతానని పర్మిషన్ కోసం వచ్చి, ఎందుకు పోవాలో చెప్పడం మొదలుపెట్టింది. కదలకుండా విన్నాను. ఆమె ముగించేసరికి కింద షట్టర్లు దించుతున్నారు. పర్మిషన్ మాత్రం ఆ క్షణంలోనే ఇచ్చేశాను.