అత్తమ్మ సర్దిన గది

నా చిన్నప్పుడు సూరత్‌లోని సలాబత్‌పురాలో మా ఇల్లంటే మేడ మీద ఒక్క గది. కింద మరమగ్గాలు. పగలంతా నేల సన్నగా అదురుతూనే ఉండేది. పళ్ళెంలో చెంచా పెడితే దానంతటదే కొంచెం కొంచెం జరిగేది. మా నాన్న ఆ మగ్గాల మీదే పనిచేసేవాడు. అమ్మ ఇంట్లో కూర్చుని, మార్కెట్ నుంచి వచ్చిన చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. ఆ చీరల కట్టలు గోడ వెంట పైకి లేచి, ఉన్న ఒక్క కిటికీనీ సగానికి పైగా మూసేసేవి. మాకు అలవాటైపోయింది. చీకట్లో కూడా ఏ వస్తువు ఎక్కడుందో నా చేతికి తెలిసేది.

తాతయ్య పోయాక నాయనమ్మను సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి తీసుకొచ్చారు. మగ్గాల చప్పుడు కాస్త తక్కువగా వినిపిస్తుందని ఆమె మంచాన్ని లోపలి మూలలో వేశారు. పొద్దున ఆమె కళ్ళు తెరిస్తే ఎదురుగా రంగురంగుల చీరల గుట్ట. "ఈ దుకాణం ఎవరిదే?" అని నన్ను అడిగేది. మన ఇల్లేనని చెబితే నా ముఖంలోకి అనుమానంగా చూసేది. సాయంత్రం కాగానే లేచి, కొంగు సర్దుకుని, "ఇగ ఇంటికి పోదాం పా, శాన సేపాయె" అనేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత భయం వేసేది. ఇంట్లోనే ఉండి ఇంటికి పోదామంటుందేమిటి? మా అమ్మను అడిగితే, ఆమె కత్తెర ఆపి, ఏదో చెప్పబోయి, మళ్ళీ దారాలు కత్తిరించడం మొదలుపెట్టేది. ఆమెకూ తెలియదని నాకు అప్పుడు తెలియదు.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అమ్మ చీరలు ఇచ్చి రావడానికి మార్కెట్‌కు వెళ్ళింది. నాయనమ్మ లేదు. నేను ఏడుస్తూ కిందికి పరిగెత్తాను. మగ్గాలు ఆపి నాన్న, ఆయనతో పాటు పనిచేసేవాళ్ళు గల్లీ గల్లీ తిరిగారు. నూలు బేళ్ళ బండ్లు, సైకిళ్ళు, టెంపోలు కిక్కిరిసిన ఆ సందుల్లో ఆమె ఎలా నడిచిందో ఏమో! చివరికి ఒక గుజరాతీ ఆవిడ ఆమెను తన గుమ్మంలో కూర్చోబెట్టుకుని, సాసర్లో చాయ్ పోసి తాగిస్తూ కనిపించింది. నాయనమ్మ కాళ్ళకు చెప్పులు లేవు. బొటనవేలు చిట్లి ఉంది. నాన్నను చూసి, "జర మా ఇల్లు సూపెట్టు అయ్యా" అని అడిగింది.

కొడుకును "అయ్యా" అని పిలవడం ఊళ్ళో మామూలే. కానీ ఆరోజు ఆ పిలుపు కొడుక్కా, దారిన పోయేవాడికా అన్నది మా ఎవరికీ తేలలేదు.

సాయంత్రం నాన్న ఒక తాళం తెచ్చాడు. అమ్మ బయటికి వెళ్ళినప్పుడల్లా బయటి నుంచి వేద్దామన్నాడు. అన్నాడే గానీ అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి మా మేనత్త తాపీ నది అవతలి అమ్రోలి నుంచి వచ్చింది. వస్తూనే తాళం చూసింది. "ఏందన్నా గిది? అవ్వ ఏమన్న మ్యాకనా?"

"మరేం జెయ్యాలె? నువ్వే చెప్పు," అన్నాడు నాన్న.

"జర ఆగు. నన్ను ఒక్క దినం ఉండనియ్యి."

మర్నాడు నేను బడికి వెళ్తున్నప్పుడు అత్తమ్మ ఏ పనీ చేయకుండా నేల మీద కూర్చుని నాయనమ్మను చూస్తోంది. ఎందుకు చూస్తోందో అర్థం కాలేదు.

బడి నుంచి వచ్చి తలుపు తోస్తే, పక్కింట్లోకి వచ్చాననుకున్నాను. బయటికి వచ్చి తలుపు చూశాను. మాదే. లోపల ఎంత వెలుతురో! కిటికీ మొత్తం తెరిచి ఉంది. చీరల కట్టలు మంచం కిందికీ లోపలి మూలకూ పోయాయి. మంచం తలుపు పక్కకు వచ్చింది. గోడలకున్న పాత క్యాలెండర్లు, సంచులు, బట్టలు ఏవీ లేవు. ఎదుటి గోడకు దేవుడి పటం ఒక్కటే ఉంది. గది నడుమ ఉత్త నేల.

"కోడలా, నీళ్ళు తాగు. ఎండల వచ్చినవ్," అంది అత్తమ్మ.

అలవాటు కొద్దీ కుండ వైపు వెళ్ళాను. అక్కడ పెట్టె ఉంది. మోకాలికి తగిలింది. గ్లాసు కోసం గూట్లో చెయ్యి పెడితే దువ్వెన దొరికింది. నా పుస్తకాల చోట స్టవ్వు ఉంది. ఏది ఎక్కడుందో ఎవరూ నాకు చెప్పలేదు. అత్తమ్మ నన్నే చూస్తోంది. "ఇది మా ఇల్లు కాదు!" అని ఏడ్చేశాను.

అత్తమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. "మీ నాయనమ్మ రోజు గిదే మాట అంటున్నది బిడ్డా. నీకు ఒక్క పూటకే ఏడుపొచ్చె. ఆమెకెట్లుండాలె?"

తర్వాత మెల్లగా చెప్పింది. మనిషి లేవగానే ముందు తొవ్వ కనబడాలట, వెలుతురు కనబడాలట. నడుస్తుంటే పట్టుకోవడానికి చేతికి ఏదో ఒకటి అందాలట. గోడ నిండా తగిలిస్తే కళ్ళకు దేన్ని చూడాలో తెలియదట, అందుకే ఒక్కటే ఉంచిందట. "ఊళ్ళె అవ్వ మంచం తలుపు పక్కకే ఉండె. లేస్తే ఎడమ చేతికి నీళ్ళ కుండ. ఆ చెయ్యి ఇప్పటికీ అటే పోతున్నది. పొద్దుగాల సంది చూసిన."

నాకు సగమే అర్థమైంది. అయితే తప్పు గదిదా, నాయనమ్మదా?

అంతలో నాయనమ్మ లేచింది. మంచంకోడు పట్టుకుంది, ఎడమ చెయ్యి చాపింది, కుండ అందింది. ముంచుకుని తనే తాగింది. ఓ పక్కన కూర్చున్న అమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. నాయనమ్మ మూతి తుడుచుకుని గది అంతా కలయజూసి, నన్ను చూసి నవ్వింది. అలా నవ్వడం సూరత్ వచ్చాక అదే మొదలు. నవ్వి, అత్తమ్మ పేరుతో నన్ను పిలిచి, "అన్నం తిన్నవా బిడ్డా?" అంది.

నేను బిక్కచచ్చిపోయాను. ఆమెకు ఇల్లు దొరికింది. ఆ ఇంట్లో నేను లేను. నేను అత్తమ్మను కాదని చెప్పాలా? చెబితే ఆ ఇల్లు మళ్ళీ పోతుందా? అత్తమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

"పలుకు బిడ్డా," అంది నెమ్మదిగా. "పిలిచింది నన్నే గానీ, చూస్తున్నది నిన్నే కద."

"తిన్న అవ్వా," అన్నాను, అత్తమ్మ పిలిచినట్టే.

నాయనమ్మకు నయమైపోలేదు. కొన్ని సాయంత్రాలు మళ్ళీ కొంగు సర్దుకునేది. కానీ తలుపు పక్కనే కూర్చుని మెట్లెక్కి దిగే మనుషులను చూస్తూ చాలాసార్లు ఆ మాట మరిచిపోయేది. తాళం వేయాల్సిన పని రాలేదు. నేను మాత్రం చాలా రోజులు పెట్టెకు మోకాలు కొట్టుకుంటూనే తిరిగాను.

ఇప్పుడు నా మనవరాలు ఇళ్ళ లోపలి అలంకరణ చదువుతోంది. వెలుతురు, ఖాళీ జాగా, తూకం అని ఫోన్లో బొమ్మలు చూపిస్తూ, సగం హిందీలో సగం గుజరాతీలో చెబుతుంది. నా గది ఎలా కావాలని మొన్న అడిగింది. "నాకేం తెలుసే? రెండు దినాలు నా పక్కన ఊరికె కూసో, నీకే తెలుస్తది," అన్నాను. కూర్చుంది పాపం.

ఆరోజు నాయనమ్మకు నేను పలికింది నిజమో అబద్ధమో ఇప్పటికీ నాకు తేలలేదు. కానీ ఏ ఇంటికి వెళ్ళినా, వయసు మళ్ళినవాళ్ళెవరైనా నన్ను ఇంకెవరో అనుకుని పిలిస్తే, ముందు పలుకుతాను. నేనెవరో తర్వాత చెప్పుకోవచ్చు.