తాడు పట్టిన మనిషి

మస్కూరి పోయాడని ఆయన పెద్దకొడుకే కరీంనగర్‌లో మా ఆఫీసుకు వచ్చి చెప్పాడు. "బాపు పొద్దుగాల పానం ఇడిసిండు సారూ. మీకు చెప్పుమని ముందే అన్నడు" అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

చాటింపు వేయడం, సర్కారు మనుషులు వస్తే వెంట తిరిగి చేలు చూపించడం మస్కూరి పని. హుజూరాబాద్ దగ్గర ఒక ఊళ్లో ఆయన జీవితమంతా అదే చేశాడు. పత్రికల్లో నా పేరు కింద ఇప్పుడు ఆర్థికవేత్త అని వేస్తున్నారు. ఆ పనిలో మీ తొలి గురువెవరని అడిగితే కాలేజీ పేరు చెబుతూ వచ్చాను. అది అబద్ధం.

డెబ్బైల మొదట్లో ఎకనామిక్స్‌తో బి.ఎ. పాసై, పంట దిగుబడి అంచనా వేసే ఉద్యోగంలో చేరాను. చేతిలో కొత్త డిగ్రీ, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, దేశాన్ని నేనే ఉద్ధరించబోతున్నంత బింకం. చేసేది మాత్రం చేలో మేకులు పాతి, చుట్టూ తాడు కట్టి, అంతమేర పంట కోసి తూచడం. ఎక్కడ కోయాలో ఆఫీసులోనే రాసిచ్చేవారు. చేను మూల నుంచి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు. మనకు నచ్చిన చోట కోయకూడదు.

ఆ ఏడు కరువు. ఒక జొన్నచేలో అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి చవుడు నేల మీద ఆగాం. మోకాలెత్తు కర్రలు, వాటికి కంకుల్లేవు. చేను ఆసామికి తల కొట్టేసినట్టయింది.

"గీడ కోస్తె నా ఇజ్జత్ పోతది సారూ. నలుగురు నవ్వుతరు. జర గటు పక్క కొయ్యుండ్రి, గాడ మంచిగున్నది" అని బతిమాలాడు.

అప్పటికే ఆయనింట్లో చాయ్ తాగి ఉన్నాను. కాదనడానికి నోరు రాలేదు.

మస్కూరి కదల్లేదు. "చేను ఎట్లున్నదో గట్లనే రాయాలె సారూ" అన్నాడు మెల్లగా.

"బి.ఎ. నువ్వు చదివినవా, నేను చదివిన్నా?" అన్నాను.

మా నాన్న వయసు మనిషి. తాడు చుట్టుకుని నేను చూపించిన వైపు నడిచాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను.

ఊళ్లో కోసినవి రెండే చేలు. ఆ మంచి పక్క తూకంతో ఊరి దిగుబడి పెరిగిపోయి, కరువు ఊళ్ల జాబితాలో దాని పేరు రాలేదు. పక్క ఊళ్లలో కరువు పని కింద చెరువు పూడిక తీయిస్తుంటే ఇక్కడి జనం మూటలు కట్టుకుని పోయారు. మస్కూరి చిన్నకొడుకు పని వెతుక్కుంటూ శ్రీరాంపూర్ బొగ్గుబాయిల వైపు పోయి మళ్లీ ఊళ్లో స్థిరపడలేదు. మా పైఅధికారి వచ్చి ఎక్కడ కోశారని అడిగితే మస్కూరి, "నాకు సదువు రాదు. సారు చూపెట్టిన కాడ తాడు పట్టిన" అన్నాడట. నన్ను కాపాడాడనుకున్నాను.

మరుసటి ఏడు వెళ్లి, "తప్పు చేసిన పెద్దయ్యా" అన్నాను. "ఫికర్ చెయ్యకుండ్రి. గీసారి అడుగులు నేను లెక్కపెడ్త, మీరు రాసుకోండ్రి" అన్నాడు. చెప్పులు గట్టు మీద విడిచి చేలోకి దిగేవాడు. అడుగు అడుగూ ఒకే కొలత. ఎంత పెద్ద అధికారి వచ్చినా ఆదివారం మాత్రం చర్చిలో ప్రార్థన అయ్యాకే వచ్చేవాడు. ఇవాళ ఏ అంకె చూసినా, దీన్ని ఎక్కడ కోశారో, ఎవరి మొహమాటం ఇందులో కలిసిందో అని ముందు అనుమానపడతాను. నాకు వచ్చిన ఆర్థికశాస్త్రం చాలామటుకు అదే.

మస్కూరి సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన ముగిసింది. ఒక్కొక్కరే పిడికెడు మన్ను వేసి పోతున్నారు. నా పక్కన ఆ జొన్నచేను ఆసామి ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు. ఇక దాచుకోలేకపోయాను.

"ఆ యేడు నేను తప్పు జాగల కోసిన పటేలా. ఊరికి కరువు పని రాలేదంటే నా వల్లనే. ఈయన నన్ను బయటపెట్టలే."

ఆసామి నావైపు తిరిగాడు. "మిమ్ముల గాదు సారూ, నన్ను బయటపెట్టలే. గటు కొయ్యుమన్నది నేను. తెలిస్తె ఊరు నన్ను బతకనిచ్చునా? గప్పుడు పస్తులున్న ఇండ్లల్ల ఈయన ఇల్లు గూడ ఉన్నది. ఒక్కనాడన్న నన్ను ఒక్క మాట అనలే."

వెనకవాళ్లు జరగమంటున్నారు. ఇద్దరి పిడికిళ్లలోనూ మన్ను అలాగే ఉంది. వేయడానికి ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు.