సుందర్ రాజ్ పది నిమిషాలు

వెనక్కి వచ్చే దారి చూసుకోనిదే సుందర్ రాజ్ ముందుకి అడుగు వేయడు. ఆ దారికి ఆయన పెట్టుకున్న గడువు పది నిమిషాలు. అంతకు మించి తప్పులో ఉండటం ఒంటికి మంచిది కాదంటాడు.

ఇంట్లో సోఫా జరిపినా ఫోన్‌లో టైమర్ పెడతాడు. అది మోగేలోపు భార్య వసంతకుమారి బాగుందనకపోతే సోఫా యథాస్థానానికి వెళ్లిపోతుంది.

“పెళ్లినాడు పెట్టలేదేం టైమర్?” అందావిడ ఒకసారి.

“అప్పటికింకా ఈ ఉద్యోగం రాలేదు కదా!”

ఉద్యోగమంటే, మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఒక కారు విడిభాగాల కంపెనీకి నెట్‌వర్క్ చూడటం. ఊరూరా ఉన్న గోడౌన్లలో రౌటర్లుంటాయి. అవి ఒకదాన్నొకటి పలకరించుకుని దారులు తెలుసుకుంటాయి. దూరాన ఉన్న రౌటర్‌లో ఏం మార్చాలన్నా సుందర్ రాజ్ ముందు దానికే టైమర్ పెడతాడు. మార్పు బెడిసికొట్టి రౌటర్ అందకుండా పోతే, పది నిమిషాలకు అదే రీబూట్ అయి పాత సెట్టింగులతో లేస్తుంది. అంతా బాగుంటే టైమర్ తీసేయాలి. చిక్కల్లా అక్కడే. ఏ రెండేళ్లకో మూడేళ్లకో ఆయన తీయడం మర్చిపోతాడు. బాగున్న రౌటర్ కాస్తా ఊరికే పడి లేస్తుంది. ఇక ఆఫీసంతా ఆయన్ని ఏడిపించడమే.

“బాదంపప్పు తెప్పించమంటారా సార్?” అంటాడు పక్క సీటు వినయ్ కుమార్.

ఆ టీమ్‌లో అందరికన్నా చిన్నది అవని. చేరి ఏడాదయింది. శుక్రవారానికి కాంట్రాక్ట్ రెన్యూ కాకపోతే ఆమె హెచ్-వన్ వీసా గాల్లో దీపమే. సరిగ్గా ఆ వారమే టొలీడో గోడౌన్ రౌటర్‌లో రూటింగ్, అంటే ఆ దారుల లెక్క, మార్చే పని ఆమె నెత్తిన పడింది.

“మొదటి లైన్ నన్ను కొట్టనివ్వమ్మా,” అని సుందర్ రాజ్ టైమర్ పెట్టి కీబోర్డ్ ఇచ్చాడు.

“తీయడం మర్చిపోకండి సుందర్ గారూ!” అని నవ్వి అవని మొదలుపెట్టింది. ఏ పోర్టూ పక్క రౌటర్‌తో మాట్లాడకూడదని ఒక లైన్ కొట్టింది. తను టొలీడోని అందుకుంటున్నదే ట్రాయ్ వైపు పోర్టు గుండా; దానికి మినహాయింపు ఇచ్చేది తర్వాతి లైన్. అది కొట్టేలోపే స్క్రీన్ బిగుసుకుపోయింది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడమంటే ఇదే.

“ఇంకెంతసేపు?” అంది అవని.

“ఏడు నిమిషాలు. ఈలోగా జంతికలు తిను.”

టొలీడో లేచింది. ఆ వెనకే మేనేజర్ పద్మనాభం వచ్చాడు.

“ఎందుకు డౌన్ అయింది?”

అవని నోరు తెరిచేలోపే సుందర్ రాజ్ తల గోక్కున్నాడు. “నా టైమర్ సార్. తీయడం మర్చిపోయా.”

“మళ్లీనా! మీరు మారరు,” అని పద్మనాభం నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

అవని కాసేపు ఆలోచించి వినయ్ కుమార్ దగ్గరికి వెళ్లింది.

“ఇదివరకు ఆయన మర్చిపోయినప్పుడు కీబోర్డ్ దగ్గర ఎవరున్నారు?”

వినయ్ కుమార్ అటూ ఇటూ చూశాడు. “రెండోసారి నేను. మూడోసారీ నేనే.”

“మరి మొదటిసారి?”

“నేను చేరకముందు. తెలీదు.”

శుక్రవారం పొద్దున్నే కాంట్రాక్ట్ రెన్యూ చేశానని పద్మనాభం మెయిల్ వచ్చింది. అడుగున ఇంకో ముక్క రాశాడు.

“ఈసారి ఆ రెండు లైన్లూ కలిపి ఒకేసారి పేస్ట్ చెయ్. తొమ్మిదేళ్ల కిందట నేనూ అక్కడే పడ్డాను.”